యాకోబు తాత కాలి బొటనవేలు

అది 1974. తిరువూరు బస్టాండుకి ఎదురుగా, సోడాల కొట్టు పక్కన, రేకుల షెడ్డులో నా సెలూన్ ఉండేది. రెండు కుర్చీలు, రెండు నిలువుటద్దాలు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఓ బల్ల, బల్ల మీద ఓ రేడియో. మా తాత కత్తులూ కత్తెరలూ ఉన్న పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు, మా నాన్న వీధి అరుగుల మీద పని చేశాడు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి తెల్లగుడ్డ కట్టి, అద్దంలో వాడి ముఖం వాడికి చూపిస్తూ పని చేసింది మా ఇంట్లో నేనే మొదలు. అందుకని నాకు కాస్త గీర ఉండేది.

ఆ గీరకి ఇంకో కారణం కూడా ఉంది. అప్పట్లో కుర్రాళ్ళంతా చెవులు కనపడకుండా జుట్టు పెంచి, చెంపల మీదికి సైడు లాక్కులు దించేవాళ్ళు. జుట్టు పెంచడమే ఫ్యాషనైతే మన పొయ్యిలో పిల్లి లేవదని మా పెద్దవాళ్ళు నెత్తి కొట్టుకునేవారు. కానీ ఆ సైడు లాక్కులు రెండు పక్కలా ఒక్క తీరుగా దించడం అందరికీ చేతకాదు. నాకు చేతనయ్యేది. విస్సన్నపేట నుంచి బస్సెక్కి మరీ నా కుర్చీలో కూర్చోడానికి వచ్చేవాళ్ళు.

మా పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట. గడ్డం గియ్యడంలో కత్తిది సగం పనే, మిగతా సగం ఎడమచేతిది. ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని బిగించి పట్టుకోవాలి. అప్పుడు కుడిచేతిలోని కత్తి వెంట్రుక వాలు చూసుకుని జారుతుంది. దాన్ని మా నాన్న 'పట్టు' అనేవాడు. పట్టు తప్పితే గాటు పడుతుంది, గాటు పడితే పటిక రాయాలి, పటిక చురుక్కుమంటే ఎదుటివాడి నోట్లోంచి మన వంశవృక్షం మొత్తం బయటికొస్తుంది.

ఇక కరుణమ్మగారి సంగతి. ఆమె నర్సు. డ్యూటీ దిగాక ఇంటికెళ్ళకుండా, ఊళ్ళో మంచం పట్టిన ముసలివాళ్ళ ఇళ్ళు తిరిగేది. చూపు పోయినవాళ్ళు, కాళ్ళు పడిపోయినవాళ్ళు, డాక్టరు దాకా వెళ్ళే దారి లేనివాళ్ళు. పుళ్ళు కడిగేది, మందు రాసేది. చినిగిన బట్టలు కుట్టడానికి ఒక టైలరు, తలలు దువ్వి గోళ్ళు తియ్యడానికి రైసుమిల్లులో పనిచేసే ఒకావిడ ఆమె వెంట వెళ్ళేవారు. ఆ బృందానికి పేరూ లేదు, బోర్డూ లేదు. కరుణమ్మగారి కేకే వాళ్ళకి పిలుపు. ఒకరోజు ఆ కేక నా షాపు ముందు వినపడింది.

"ఏమయ్యా సాంబయ్యా, మంగళవారం నీకు సెలవేగా?"

"సెలవేనమ్మా."

"సెలవు రోజు ఏం చేస్తావు?"

"నిద్రపోతానండీ."

"సగం రోజు నిద్రపో. మిగతా సగం నాకివ్వు."

ఒప్పేసుకున్నాను. మా చంటివాడికి జ్వరమొస్తే రాత్రంతా మా ఇంట్లో కూర్చున్న మనిషి ఆమె. పైగా ఉచితంగా చేసే పనిలో ఎవరూ వంకలు పెట్టరులే అనుకున్నాను.

మొదటి మంగళవారం పొది సర్దుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పక్షవాతంతో మంచాన ఉన్న రాఘవయ్యగారింటికి బయల్దేరాను. గుమ్మంలోనే వాళ్ళావిడ చీపురుతో ఎదురైంది.

"మంగళవారం పూట కత్తి పట్టుకుని గడప తొక్కుతావా! నీకు బుద్ధుందా? ఇవాళ నీ కొట్టు ఎందుకు మూశావురా అసలు?"

ఎందుకు మూశాను? మంగళవారం క్షవరం పనికిరాదని ఎవరూ రారు కాబట్టే మూశాను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఈ పనిలో ఉన్నవాణ్ణి, ఆ ముక్క నాకు తట్టలేదు! కరుణమ్మగారు వీధిలో నిలబడి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆవిడకీ తట్టలేదట. చివరికి రాఘవయ్యగారిలాంటివాళ్ళకి బుధవారం పొద్దున్నే షాపు తియ్యకముందు చేసేటట్టు, మంగళవారం ఊరి చివర క్రైస్తవుల పేటకి వెళ్ళేటట్టు ఒప్పందం కుదిరింది. పేటలో అడిగితే "మాకు అన్ని రోజులూ దేవుడి రోజులే, నువ్వు రా" అన్నారు.

ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఆ పేటకి మా వాళ్ళెవరూ కత్తి పట్టుకుని వెళ్ళేవారు కాదు. అది అప్పటి లోకం. నేను వెళ్తున్నానని తెలిసి, ఒక మోతుబరి నా కుర్చీలో కూర్చుని మరీ అడిగాడు, "ఏరా, అదే కత్తితో మాక్కూడా గీస్తావా?" అని. "మరిగే నీళ్ళలో ముంచి తీశాక కత్తికి ఏ పేటా ఉండదండీ" అన్నాను. ఆయన మెడకి కట్టిన గుడ్డ తనే లాగి పారేసి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు వేరేచోట గీయించుకున్నాడు. ఆయన సైడు లాక్కులు ఒకటి చెవి దగ్గర, ఒకటి దవడ దగ్గర ఆగిపోయేసరికి మాట్లాడకుండా తిరిగొచ్చి కూర్చున్నాడు. నేనూ మాట్లాడకుండా గుడ్డ కట్టాను.

ఆ పేటలోనే యాకోబు తాత ఉండేవాడు. వయసులో ఉండగా బావులు తవ్వినవాడు. వినగడప వైపు మెట్టపొలాల్లో ఎన్ని బావులు ఆయన గునపం దెబ్బకి నీళ్ళు చూపించాయో ఆయనకే తెలియదు. మనిషి నిక్షేపంలాంటివాడు, మాటకారి. ఒక్కటే బాధ. తల అడ్డంగా ఊగుతుంది. ఆపుదామన్నా ఆగదు, పట్టుకుంటే ఇంకా ఎక్కువ. దీనికి మందు లేదని డాక్టరుగారు చెప్పేశారు. లోగడ పక్కింటాయన బ్లేడుతో గడ్డం గియ్యబోయి చెంప కోశాడు. ఆ తర్వాత తాత ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. గడ్డం పెరిగి రొమ్ము మీదికి దిగింది. గంజి తాగితే సగం గడ్డంలోకే. గడ్డం కింద పుళ్ళు పడ్డాయి. కరుణమ్మగారు మందు రాస్తే వెంట్రుకలకే తప్ప చర్మానికి అంటేది కాదు.

అసలు చిక్కు అది కాదు. తాతకి ఒక మనవరాలు, సువార్త. తల్లీ తండ్రీ లేని పిల్లని తాతే పెంచి, టీచరు ట్రైనింగు చదివించాడు. గంపలగూడెం సంబంధం కుదిరింది. ప్రధానం రోజున మగపెళ్ళివారు వచ్చి కూర్చుని, "పెద్దాయనా, మీకు ఇష్టమేగా?" అని అడిగారు. "సంతోషంగా ఇష్టమే" అన్నాడు తాత. తల మాత్రం అడ్డంగా ఊగింది. పెళ్ళికొడుకు మేనమామ తాంబూలాల పళ్ళెం పట్టుకుని లేచి నిలబడ్డాడట. అందరూ కలిసి నచ్చజెప్పి మళ్ళీ కూర్చోబెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆ మర్నాడే తాత తేల్చి చెప్పేశాడు, పెళ్ళికి రానని.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాతోనూ అదే అన్నాడు.

"తల ఊగుద్ది. అది దేవుడిచ్చింది, సరే. ఈ గడ్డం కూడా ఏసుకుని బైరాగిలాగా గుళ్ళోకి పోతే, అంతమందిలో పిల్లకి తలొంపులు కాదూ? మొకం మనిషి మొకంలా ఉంటే వస్తా. లేకపోతే రాను."

సువార్త గుమ్మంలో నిలబడి వింటోంది. "తాత రాకపోతే నేనూ కదలను. పాస్టరుగారూ, పెళ్ళికొడుకూ ఇక్కడికే వస్తారు" అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పెళ్ళి ఆ పై వారం గురువారం. అంటే నాకు ఆ మంగళవారమూ, వచ్చే మంగళవారమూ మిగిలాయి.

ఆ రోజు నా విద్యంతా చూపించాను. తాతని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, తల నా పొట్టకి ఆనించి పట్టుకున్నాను. తలతోపాటు నేనూ ఊగాను. గోడకి ఆనించి చూశాను. టైలరు వెనకనుంచి పట్టుకుంటే తాత మెడ బిగుసుకుపోయి వణుకు రెట్టింపయ్యింది. ఎడమచేతికి పట్టు దొరకందే కుడిచేతిలో కత్తి ఎంత పదునైనా ఏం లాభం? కత్తి మడిచేశాను. తిరువూరు మొత్తానికి నా అంతటి చెయ్యి లేదనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం ఆ చెయ్యి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఆ వారమంతా అదే ధ్యాస. ఊగే తలతోపాటు కత్తిని కూడా ఊపుతూ గియ్యొచ్చేమోనని ఒక ఆలోచన వచ్చింది. మా బావమరిదిని కూర్చోబెట్టి తల ఊపమన్నాను. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. పాపం, ఆ వారం వాడి ముఖం నిండా పటికే. రెండోరోజున వాడు వేరే ఊళ్ళో పని ఉందని చెప్పి మాయమయ్యాడు.

పెళ్ళికి ముందు మంగళవారం ఏం చెయ్యాలో తెలియకుండానే పేటకి వెళ్ళాను. కరుణమ్మగారు అప్పటికే అక్కడుంది. మిట్టమధ్యాహ్నం. తాత నులకమంచం మీద, తలకింద మడిచిన గోనెపట్టా పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. తల ఊగడం లేదు. నిద్రలో కదా అనుకున్నాను. అంతలో కళ్ళు తెరిచి, "వచ్చావా సాంబయ్యా, కూర్చో. ముసల్ది మజ్జిగ ఇస్తది" అన్నాడు. మాట్లాడుతున్నాడు, నన్ను చూస్తున్నాడు. తల మాత్రం కొలిమి దగ్గరి ఇనపదిమ్మ దాగలిలా కదలకుండా ఉంది.

"తాతా, అలాగే ఉండు! లేవద్దు" అని అరిచాను.

తల పూర్తిగా దేనిమీదైనా వాలితే వణుకు ఆగిపోతోంది. ఇంతమందిమి ఆయన్ని కూర్చోబెట్టే చూశాం తప్ప, పడుకోబెట్టి చూడాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. గబగబా పొది విప్పాను. మజ్జిగ చెంబుతో వచ్చిన మరియమ్మ, అంటే తాత భార్య, కొయ్యబారిపోయింది.

"ఏం చేస్తన్నావయ్యా నువ్వు? పడుకోబెట్టి గడ్డం గీసేది ఎవరికి? శవానికి! రెండ్రోజుల్లో పెళ్ళి పెట్టుకుని, పసుపు దంచిన ఇంట్లో నా మొగుడికి శవం గడ్డం గీస్తావా?"

"ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకునేవాళ్ళకి పడుకోబెట్టే గీస్తాం మరియమ్మా, ఏం కాదు" అంది కరుణమ్మగారు.

"ఆసుపత్రి ఆసుపత్రే, ఇల్లు ఇల్లే నర్సమ్మా!"

నిజం చెప్పాలంటే నా చెయ్యి కూడా ఆగింది. నాకు కత్తి పట్టడం నేర్పిన రోజునే మా తాత చెప్పాడు, కూర్చున్నవాడికే కత్తి పెట్టాలి, పడుకున్నవాడికి కత్తి పెట్టేది ఒక్కసారేనని. ఆ ఒక్కసారి పనికి వెళ్ళొచ్చినప్పుడల్లా మా నాన్న బావి దగ్గరే స్నానం చేసి గాని ఇంట్లోకి వచ్చేవాడు కాదు. మరియమ్మ మాటని కొట్టిపారేసేంత ధైర్యం నాకు లేదు. కత్తి చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాను. సువార్త తలుపుచాటునుంచి తాతనే చూస్తోంది. గడ్డం దిగితేనే తాత పెళ్ళికి వస్తాడు. ఇలాగైతేనే గడ్డం దిగుతుంది. ఇలా దించడానికేమో ఇంటావిడ ఒప్పుకోదు.

అప్పుడు మంచం మీదనుంచి తాత గొంతు వినపడింది.

"ఒసే మరియమ్మా, మనిషి పోతే ముందు ఏం చేస్తారే?"

"నోర్ముయ్యి! శుభమా అని పెళ్ళి చేసుకుంటా..."

"అడిగినదానికి చెప్పవే. కాలి బొటనేళ్ళు రెండూ కలిపి కట్టేస్తారు. ఔనా? నాయి కట్టలేదుగా. ఇదిగో, కాళ్ళు ఎడంగా పెట్టా. ఈ ఏలు ఆడిస్తా ఉంటా. ఏలు ఆడినంతసేపూ నీ మొగుడు బతికున్నట్టే. నువ్వు కాళ్ళకాడ కూసుని చూస్తా ఉండు. ఆగిందా, సాంబయ్య కత్తి ఆపుతాడు."

అని కుడికాలి బొటనవేలు టకటకా ఆడించాడు. కరుణమ్మగారు పక్కకి తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మరియమ్మ మొగుణ్ణీ, వేలునీ, నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత మజ్జిగ చెంబు కింద పెట్టి, కాళ్ళ దగ్గర చతికిలబడింది. "ఊఁ, కానియ్యి" అంది.

నేను తల వైపు నిలబడ్డాను. ముందు కత్తెరతో గడ్డం కుదించాను, తర్వాత చేతి మెషిన్ నడిపాను. వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు ముఖానికి చుట్టి కాసేపు ఉంచాను. సబ్బు నురగ పట్టించి, కత్తిని స్ట్రాప్ మీద, అంటే తోలుపట్టా మీద, అటూ ఇటూ నూరి, ఎడమచేత్తో చర్మం బిగించాను. పట్టు దొరికింది. ఎంత హాయిగా దొరికిందో! చెంప మీద మొదటి గీత తెల్లగా జారింది.

"ఆడతంది" అని మరియమ్మ కాళ్ళ దగ్గరనుంచి ప్రకటించింది.

అప్పటికే పేటలో వార్త పొక్కింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ మంచం చుట్టూ మూగారు. ముఖం వైపు చూసేవాళ్ళు ఎవరూ లేరు, అందరి చూపూ బొటనవేలు మీదే. "ఆడతంది, ఆడతంది" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఒక చెంప అయింది. రెండో చెంప అయింది. గడ్డం కింద పుళ్ళ పక్కనుంచి వెంట్రుక వాలున మెల్లమెల్లగా దిగుతున్నాను.

"ఆగింది!" అని మరియమ్మ పెట్టిన కేకకి కోళ్ళు లేచి గోడెక్కాయి. "యాకోబూ! ఓరయ్యో! ఆగిపోయిందిరో!"

కత్తి గాల్లోకి ఎత్తేశాను. గుండె ఆగినంత పనైంది, తాతది కాదు, నాది. కరుణమ్మగారు చెయ్యందుకుని నాడి చూడబోయింది. తాత కళ్ళు తెరిచి మా అందరివంకా విసుగ్గా చూశాడు.

"ఏంటే ఆ కేకలు? కునుకు పట్టింది. మనిషి ఇంత సుకంగా గీస్తంటే నిద్ర పట్టదా?"

ఇక చూడాలి ఆ నవ్వులు! కరుణమ్మగారు మంచం పట్టె పట్టుకుని నవ్వింది. మరియమ్మ కొంగుతో మొగుడి కాలి మీద రెండు దెబ్బలు వేసి, ఏడుస్తూ నవ్వింది. నవ్వు ఆగేదాకా నేను కత్తి దించలేదు. నా కుర్చీలో కూర్చుని ఎంతమంది మెచ్చుకున్నా, తాత కునుకంత మంచి మెప్పు నాకు మళ్ళీ దొరకలేదు. మిగతా పని అయ్యేదాకా తాత నిద్రపోకుండా రెండు కాళ్ళ బొటనవేళ్ళూ ఆడించాడు.

ముఖం కడిగి, పటిక రాసి, పుళ్ళకి కరుణమ్మగారు మందు రాశాక, లేపి కూర్చోబెట్టాం. తల మళ్ళీ ఊగడం మొదలెట్టింది. మరియమ్మ దగ్గరకొచ్చి, ఆ బోసి చెంపలు నిమిరి, "ఇంత చిక్కిపోయావేంటయ్యా, గడ్డం చాటున నాకు కనపళ్ళేదే" అంది. సువార్త వచ్చి తాత ఒళ్ళో తల పెట్టుకుంది. ఊగే తలని ఆపడానికి ఎవరూ ప్రయత్నించలేదు.

గురువారం పెళ్ళికి నన్నూ పిలిచారు. తాత తెల్లపంచె కట్టుకుని, నున్నటి ముఖంతో, మనవరాలి చెయ్యి పట్టుకుని గుడి మధ్యలోంచి నడిచాడు. పెళ్ళికూతుర్ని అప్పగించేది ఎవరని పాస్టరుగారు అడిగారు. "నేనే. సంతోషంగా" అన్నాడు తాత, తల అడ్డంగా ఊపుతూ. ఈసారి మొదట నవ్వింది పెళ్ళికొడుకు మేనమామే. ఆ రోజు వాళ్ళ పంక్తిలో కూర్చుని భోంచేశాను. ఆ సంగతి మా అమ్మకి నేను చెప్పలేదు. ఊరు చెప్పింది. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు "పాయసం బాగుందా?" అని అడిగింది.

ఆ తర్వాతి మంగళవారం పేటకి వెళ్ళేసరికి వీధిలో వరసగా మంచాలు వేసి ఉన్నాయి. ఒక్కో మంచం మీద ఒక్కో ముసలాయన వెల్లకిలా పడుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, బొటనవేళ్ళు ఆడిస్తున్నాడు. "నీ తల శుభ్రంగా నిలబడుతోందిగా తాతా, లేచి కూర్చో" అన్నాను ఒకాయనతో. "యాకోబుకి ఎట్టా చేశావో నాకూ అట్టా చెయ్యి. లేకపోతే పో" అన్నాడు ఆయన. మరియమ్మ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి తిరుగుతూ కాళ్ళు చూస్తోంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు కరుణమ్మగారి వెంట తిరిగాను. కళ్ళు లేనివాళ్ళకి చేశాను, వంగిన నడుములవాళ్ళకి చేశాను, మనిషి చెయ్యి తగిలితేనే బెదిరిపోయేవాళ్ళకి కూడా చేశాను. ప్రతిచోటా ముందు మంచం పక్కన కూర్చుని, "నీకెలా వీలుగా ఉంటుంది?" అని అడిగేవాణ్ణి. జవాబు వచ్చేదాకా పొది విప్పేవాణ్ణి కాదు. పని వచ్చినవాళ్ళకి ఆ ప్రశ్న తొందరగా తోచదు, నాకూ తోచలేదు. సాంబయ్య చెయ్యి పడితే యాకోబు పెళ్ళికెళ్ళాడని ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. నేను గడ్డం గీశాను, అంతవరకే. బతికున్న మనిషిలా గీయించుకోవడం ఎలాగో మాకు చెప్పినవాడు ఆయనే.